స్టోరు గది తాళం చెవి

1983లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. ఫిజిక్సులో చేరేనాటికి నేను డిగ్రీ మూడేళ్లూ తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో వ్యతికరణం, వివర్తనం, ధ్రువణం అని కంఠతా పట్టి ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. వాల్తేరు వచ్చి క్లాసులో కూర్చుంటే, మొదటి వారమంతా బోర్డు మీది సమీకరణాలు మాత్రమే తిరనాళ్లలో కనబడిన మా ఊరివాళ్లలా అనిపించాయి. మిగతాదంతా గోల. ప్రొఫెసరు గారు ఆగకుండా ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నారు, ముందు బెంచీలవాళ్లు రాసుకుపోతున్నారు, నేను వాళ్ల చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను.

మా డిపార్టుమెంటుకి పేరు పెద్దది. స్పెక్ట్రోస్కోపీలో రంగధామరావు గారు పాదుకొల్పిన పరిశోధన అది. ఆయన తరం వెళ్లిపోయినా కారిడార్లో సీనియర్లు ఆయన గురించి నిన్నో మొన్నో చూసినట్టే మాట్లాడుకొనేవారు. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి నుంచి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడిగా వచ్చిన నాకు ఆ పేర్లు వింటే గర్వం కన్నా భయమే ఎక్కువ వేసేది. అక్కడ నిలబడి, పరీక్షలు గట్టెక్కి, తర్వాత ముప్ఫై ఏళ్ల పైచిలుకు గవర్నమెంటు డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. కాలేజీలో పిల్లలు ఎలా నిలదొక్కుకుంటారు, ఎలా జారిపోతారు అన్నది రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి, నేను చూసినంత మేరకు రాస్తున్నాను. ఇందులో నా తెలివితేటల కథ ఏమీ లేదు. నా రూమ్మేటు, మెస్సు వంట మాస్టారు, లైబ్రరీ కార్డు, మా నాన్న రాసే మనియార్డరు కూపను, వీటి కథే ఎక్కువ.

హాస్టల్లో నా గదిలో ఉన్నవాడిది విజయనగరం. కాన్వెంటు చదువు, ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు. లెక్కలంటే మాత్రం వాడికి గుండెదడ. డెరివేషను రెండో పేజీలోకి తిరిగిందంటే పెన్ను కింద పెట్టేసేవాడు. చేరిన కొన్నాళ్లకి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. రాత్రి భోజనం అయ్యాక డాబా మీదకి వెళ్లి, ఆ రోజు క్లాసులో చెప్పింది వాడు ఇంగ్లీషు నోట్సు చూసి నాకు విడమరిచి చెప్పాలి. మధ్యలో వచ్చే లెక్కంతా నేను వాడికి చేసి చూపించాలి. ఇద్దరికీ అర్థమయ్యాకే కిందకి దిగాలి. ఇంతే.

చూడ్డానికి మామూలు ఏర్పాటే. కానీ దాని బలం మాకు మెల్లగా తెలిసొచ్చింది. ఇద్దరిలో ఒకడు క్లాసు ఎగ్గొడితే ఆ రాత్రి ఇద్దరికీ పాఠం పోతుంది. జగదాంబలో కొత్త ఇంగ్లీషు సినిమా వచ్చిందని మధ్యాహ్నం నలుగురు కుర్రాళ్లు బయల్దేరితే నాకూ కాళ్లు లాగేవి. "నువ్వు పోరా, పో. రాత్రి ఆ ఇంటిగ్రేషను నాకెవడు చెప్తాడు, మీ తాతా?" అనేవాడు మా రూమ్మేటు. వాడి మొహం చూసి ఆగిపోయేవాణ్ణి. ఎప్పుడైనా వాడికి జ్వరం తగిలి పడుకుందామనుకుంటే నేను దుప్పటి లాగేవాణ్ణి. ఎవరికి వాళ్లం చదువుకుంటే నెలలో సగం రోజులు వాయిదా పడి ఉండేది. నా చదువు నేను మానుకుంటే అడిగేవాడు లేడు. వాడి చదువు నా వల్ల ఆగితే వాడే అడుగుతాడు. మనిషికి సొంత పని కన్నా ఎదుటివాడి మాట మీద బరువు ఎక్కువ. అది మంచిదో చెడ్డదో చెప్పలేను, అప్పుడు మాకు పనికొచ్చింది.

సందేహాలు అడగడం దగ్గర నాకు నోరు పెగిలేది కాదు. అడగాల్సింది చీటీ మీద ఇంగ్లీషులో రాసుకొనేవాణ్ణి, రూమ్మేటు దిద్దేవాడు, దాన్ని రెండుసార్లు వల్లె వేసుకొని ప్రొఫెసరు గారి గది ముందు నిలబడేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి లోపలికి వెళ్లి చీటీ చూస్తూ మొదలుపెట్టాను. సగం వాక్యంలో ఆయన కళ్లజోడు తీసి, "తెలుగులో అడగవయ్యా. నాకు కావల్సింది నీకు ఫిజిక్సులో ఏది అర్థం కాలేదో" అన్నారు. అడిగాను. కాగితం లాక్కుని బొమ్మ గీసి పావుగంటలో తేల్చేశారు. "మళ్లీ ఎప్పుడొస్తావు?" అని ఆయనే అడిగారు. ఎప్పుడొస్తానో చెప్పి వచ్చాక రాకుండా ఎలా ఉంటాం? ఆ తర్వాత ఆయన గదికి వెళ్లడం నాకు అలవాటయింది. క్లాసులో నాకన్నా బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్లు చాలామంది రెండేళ్లలో ఆ గది గుమ్మం తొక్కనేలేదు.

ఇక మెస్సు సంగతి. మాది డివైడింగ్ మెస్సు. అంటే విద్యార్థులే నడుపుకోవాలి. నెలకి ఒక మేనేజరు. నెలాఖరుకి మొత్తం ఖర్చుని, ఆ నెలలో అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. ఎన్ని రోజులు తింటే అన్ని రోజుల డబ్బు కట్టాలి. ఊరెళ్లేవాడు ముందు రోజు సాయంత్రం లోపు కట్ రిజిస్టరులో సంతకం పెట్టాలి, లేకపోతే తిన్నా తినకపోయినా లెక్కలోకి వస్తాడు. రేటు పావలా పెరిగితే నోటీసు బోర్డు దగ్గర అసెంబ్లీ సమావేశమే. మేనేజరు పని అంటే అందరూ తప్పించుకు తిరిగేవారు. రెండో ఏడు మొదట్లో ఒక సీనియరు రిసెర్చి స్కాలరు, "గురూ, నువ్వు లెక్కలోడివి, వచ్చే నెల నువ్వే" అని నా పేరు రాసేశాడు. పురికొసకి కట్టిన స్టోరు గది తాళం చెవి నా చేతిలో పడింది.

మర్నాడు తెల్లారగట్ట అయిదు గంటలకి తలుపు మీద దబదబా చప్పుడు. వంట మాస్టారు. మాకు ముందు ఎన్ని బ్యాచీలకి వండాడో ఆయనకే తెలియదు. "బాబూ, పాలోడొచ్చీసినాడు, కొలుసుకోవాల. స్టోరు తియ్యాల, రవ్వ తియ్యాల. లెగు, లెగు." లేచాను. పాలు కొలిపించుకున్నాను, స్టోరు తీశాను. బియ్యం, పప్పు, నూనె, చింతపండు, ఎండుమిరపకాయలు ఎన్ని తీస్తే అన్నీ పుస్తకంలో రాసుకోవాలి. నిన్నటి నిల్వ, ఇవాళ వాడింది, మిగిలింది అని మూడు గళ్లు. మాస్టారు చేత్తో తీసి కుప్ప పోస్తే తూకంలో ఇంచుమించు అంతే ఉండేది. అయినా తూకం వేయాల్సిందేనని ఆయనే పట్టుబట్టేవాడు. "నా సెయ్యి మీద నమ్మకం నాకుంది బాబూ. నెలాఖరికి వాళ్లు అడిగినప్పుడు నీకేటి ఉంటాది? పుస్తకంలో ఉండాల." ఆడిట్ అంటే ఏమిటో నాకు చెప్పిన మొదటి గురువు ఆయనే.

ఆదివారం పూర్ణా మార్కెట్టు. ఉల్లిపాయల బస్తా దగ్గర బేరమాడటం, చింతపండు గింజ ఎంత ఉందో పిసికి చూడటం, బిల్లు రాయని కొట్టువాడి చేత చిన్న కాగితం ముక్క మీదైనా రాయించుకోవడం, రిక్షాలో సామానుతో పాటు ఎక్కి కూర్చుని వాల్తేరు మెట్ట ఎక్కేచోట దిగి వెనకనుంచి తొయ్యడం. రాత్రి అందరూ తిని వెళ్లాక ఆ రోజు లెక్క. ఇక్కడ నాకు పని అప్పగించిన సీనియరు ఒక షరతు పెట్టాడు: ఆ రోజు చిల్లర ఆ రోజే తేలాలి. అర్ధరూపాయి తేడా వస్తే పడుకోవడానికి లేదు. "రేపు చూద్దాం అన్నావంటే ఎల్లుండికి రెండు రూపాయలు అవుతుంది, వారానికి నువ్వే దొంగవవుతావు" అన్నాడు. కొత్తిమీర కట్టలకి ఇచ్చిన ముప్పావలా గుర్తు రాక ఒక రాత్రి వంటింట్లో కూర్చుని బుర్ర గోక్కుంటుంటే, అంట్లు తోమే కుర్రాడు గుర్తు చేశాడు.

ఆ నెలలోనే ఒక గొడవ. విద్యార్థి సంఘం ఎన్నికల్లో తిరిగే ఒక పెద్ద తలకాయ నాలుగు రోజులు ఊరెళ్లొచ్చి, తిరిగొచ్చాక కట్ రాయమన్నాడు. పక్కన ముగ్గురు అనుచరులు.

"వెనక్కి తేదీ వేసి రాయడానికి లేదండి."

"ఏం, నీ సొత్తా?"

"నా సొత్తయితే రాసేసేవాణ్ణి. మీ నాలుగు రోజులూ తీసేస్తే ఆ డబ్బు మిగతా అందరి రేటులో పడుతుంది. వాళ్లందరి సంతకాలు పట్రండి, రాస్తాను."

మొహం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు. రాత్రి నా గది తలుపు మీద ఎవరో రాయి విసిరారు. పొద్దున్న మాస్టారు విషయం విని నా కంచంలో ఒక పెసరట్టు అదనంగా వేశాడు. దాన్ని కూడా లెక్కలో రాయమంటావా అని నవ్వాడు. నెలాఖరున రేటు కట్టి బోర్డు మీద అంటించినప్పుడు ఆ పెద్ద తలకాయే వచ్చి భాగహారం మొదటినుంచీ చేసి చూసుకున్నాడు. సరిపోయింది. ఏమీ అనకుండా డబ్బు కట్టేశాడు.

దీనికీ చదువుకీ ఏమిటి సంబంధం అంటారా? మేనేజరు నెలలో చదువు దెబ్బతింటుందని అందరూ భయపెట్టారు. నాకు జరిగింది వేరు. తెల్లారి అయిదుకి లేవాలి కాబట్టి రాత్రి కబుర్లు పోయాయి. క్లాసుకి ముందు ఒక గంట, సాయంత్రం పొయ్యి వెలిగించాక వంట అయ్యేదాకా ఒక గంటన్నర, లెక్క తేలాక డాబా మీద మా ఇద్దరి పాఠం. రోజులో నాకు దొరికేవి ఈ మూడు ముక్కలే అని ఖాయంగా తెలిసింది. అంతకు ముందు నెలల్లో రోజంతా నాదే. రోజంతా మనదే అయినప్పుడు పుస్తకం తియ్యడానికి ఎప్పుడూ ఇంకా బోలెడు టైము ఉన్నట్టే ఉంటుంది. వంటింటి గడప మీద కూర్చుని, పప్పు పోపు ఘాటుకి దగ్గుకుంటూ కిట్టెల్ సాలిడ్ స్టేట్ ఫిజిక్సులో రెండు అధ్యాయాలు పూర్తి చేశాను. ఆ రెండూ ఈనాటికీ నాకు బాగా వచ్చు.

రెండోది, ఆ రోజు చిల్లర ఆ రోజే అన్న షరతు లేబు పనిలోకి పాకింది. కాన్‌స్టంట్ డీవియేషన్ స్పెక్ట్రోమీటరు మీద తీసుకున్న రీడింగులు ఆ రాత్రే లెక్కగట్టి, గ్రాఫు గీసి, రికార్డులోకి ఎక్కించేవాణ్ణి. అప్పుడైతే ఏ రీడింగు దగ్గర దీపం వణికిందో, ఎక్కడ మన కన్ను తడబడిందో గుర్తుంటుంది. రెండు వారాలకి రాసేవాడికి అంకెలు మాత్రమే మిగులుతాయి. రికార్డు సబ్మిషను ముందు రాత్రి హాస్టలంతా లైట్లు వెలుగుతుంటే మేమిద్దరం నిద్రపోయిన సందర్భాలున్నాయి. కొంచెం పొగరుగానే నిద్రపోయాం.

వీఎస్ కృష్ణా లైబ్రరీ లేకపోతే మా బోటివాళ్లకి ఎం.ఎస్సీ. లేదు. షిఫ్ క్వాంటం మెకానిక్సు, గోల్డ్‌స్టీన్ క్లాసికల్ మెకానిక్సు, హెర్జ్‌బెర్గు, ఇవేవీ కొనుక్కునే స్తోమత కాదు. జిరాక్సు కూడా మాకు ఖరీదే. అందరికీ కావల్సిన పుస్తకం రాత్రికి ఇచ్చేవారు. కౌంటరు మూసే వేళకి తీసుకుని, పొద్దున్న తెరవగానే తిరిగి ఇవ్వాలి. మేం అయిదారుగురం కలిసి వంతులు వేసుకున్నాం. ఇవాళ నా కార్డు మీద పుస్తకం వస్తే, రాత్రి పదకొండు దాకా ఒక గదిలో, ఆ తర్వాత ఇంకో గదిలో. కార్బను పేపరు పెట్టి రెండు ప్రతులు రాసుకొనేవాళ్లం. మూడో ప్రతి చదవడానికి పనికొచ్చేది కాదు. పొద్దున్న పుస్తకం చేరకపోతే ఎవరి కార్డు మీద తెచ్చామో వాడికి ఆపేస్తారు, దాంతో వంతు గొలుసంతా తెగుతుంది. అనకాపల్లి కుర్రాడొకడు మాలో బద్ధకస్తుడు, పరీక్షలో ఎప్పుడూ అంతంత మాత్రమే. కానీ పుస్తకం వాపసు ఇచ్చే బాధ్యత వాడి మీద పెడితే మాత్రం కౌంటరు తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. లైబ్రరీలో అలా ముందే వచ్చి కూర్చోవడం మొదలయ్యాక, వచ్చాను కదా అని లోపల చదవడం కూడా మొదలైంది. వాడు తర్వాత బ్యాంకు ఆఫీసరయ్యాడు.

1984 ఆగస్టు 16న ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. ఆ నెల రోజులూ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బందులు, ఊరేగింపులు, ఆగిపోయిన బస్సులు. క్లాసులు జరిగితే జరిగినట్టు, లేకపోతే లేనట్టు. సగం మంది ఊళ్లకి పోయారు. మా రూమ్మేటుకి రాజకీయాలంటే వల్లమాలిన ఇష్టం. పగలంతా ఊరేగింపుల్లో తిరిగి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. రాత్రి మాత్రం డాబా మీదకి వచ్చేవాడు. క్లాసు లేదు కదా, ఏం చెప్పుకుంటాం అంటే, సిలబసు కాగితం తీసి, "వరసలో తర్వాతది" అనేవాడు గుసగుసగా, గొంతు లేక. ప్రొఫెసరు గారు చెప్పాల్సిన పాఠాన్ని మేమే పుస్తకంలోంచి తవ్వుకున్నాం. తప్పులు పోయాయి, తర్వాత దిద్దుకున్నాం. మెస్సులో కూరగాయలు రాక పప్పూ పచ్చడితో చాలా రోజులు నడిచింది. సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అక్టోబరు 31న ఇందిరా గాంధీ హత్యతో మళ్లీ అన్నీ మూతపడ్డాయి. సిలబసు మాత్రం ఎవరూ తగ్గించలేదు. క్లాసులు తెరిచాక చదువుదామని ఊరెళ్లి కూర్చున్నవాళ్లకి ఆ ఏడు చాలా బరువయింది. ఉద్యమానికి వెళ్లడం వల్ల చదువు పోయినవాణ్ణి నేను చూడలేదు. ఖాళీ దొరికిందని పోగొట్టుకున్నవాళ్లనే చూశాను.

డబ్బు విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే కాలేజీలో మధ్యలో ఆగిపోయినవాళ్లలో తెలివి చాలక ఆగినవాళ్లకన్నా లెక్క తప్పి ఆగినవాళ్లే ఎక్కువ కనబడ్డారు నాకు. మా నాన్న నెలనెలా మనియార్డరు చేసేవారు. ఆ ఫారం అడుగున కబురు రాయడానికి చిన్న కూపను ముక్క ఉండేది. అందులో ఆయన క్షేమం అడిగేవారు కాదు. "ధాన్యం అమ్మకం అవలేదు. వచ్చే నెల ఇరవై తక్కువ" లాంటి మాటలు ఉండేవి. అంటే నెల ముందుగానే నాకు తెలిసిపోతుంది. నేను జవాబు కార్డులో ఏ పద్దు కింద ఎంత అయిందో రాయాలి. మెస్సు, సబ్బు, గ్రాఫు కాగితాలు, బస్సు, టీ. ఒక కార్డులో టీ పద్దు పెరిగింది. ఆయన ఏమీ అనలేదు, తర్వాతి కూపనులో "టీ?" అని ఒక్క ముక్క రాశారు. అప్పు చేసి చదివించే మనిషి దగ్గర నిజం దాచకుండా ఉండటం, ఆయన కూడా నా దగ్గర ఇంటి ఇబ్బంది దాచకుండా ఉండటం, ఈ రెండూ ఉన్నాయి కాబట్టే నేను ఫీజు తేదీ రోజున ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఇంట్లో పరిస్థితి పిల్లలకి తెలియనివ్వకూడదు అనుకునే తల్లిదండ్రుల్ని తర్వాత చాలామందిని చూశాను. వాళ్ల ప్రేమని శంకించను గానీ ఆ పద్ధతి నాకు నచ్చదు.

ఎనభైల చివర్లో లెక్చరరుగా చేరాక బల్లకి అటువైపు వెళ్లాను. చిన్న ఊళ్లలో గవర్నమెంటు డిగ్రీ కాలేజీలు. పిల్లల్లో చాలామంది పాసు బస్సు ఎక్కి వచ్చేవాళ్లు, ఇంట్లో మొదటి తరం. మగపిల్లలు పెళ్లిళ్ల సీజనులో కేటరింగుకి, మిగతా రోజుల్లో సెంట్రింగు పనికి పోయేవారు. ఆడపిల్లలు నీళ్లు పట్టి, అన్నం వండి, మొదటి బస్సు అందుకొని వచ్చేవారు. వీళ్లకి పొద్దున్నే లేవాలని చెప్పడానికి పట్నం నుంచి వ్యక్తిత్వ వికాసం వక్తలు వచ్చేవారు. నాలుగింటికి లేచే పిల్లకి నాలుగింటికి లేవమని చెప్తుంటే నేను కిటికీలోంచి బయటకి చూసేవాణ్ణి.

వాళ్లకి లేనిది క్రమశిక్షణ కాదని నాకు తెలుసు. కాలేజీలో తమ కోసం ఎవరో ఎదురు చూస్తున్నారన్న భావన లేదు. రాకపోతే రిజిస్టరులో ఒక సున్నా, అంతే. అందుకని ప్రిన్సిపాలుగారి అనుమతి తీసుకుని లేబులో బ్రేకేజీ రిజిస్టరు పిల్లల చేతికిచ్చాను. మొదట ఒకమ్మాయికి. క్లాసులో నోరు విప్పేది కాదు, వెనక బెంచీ, హాజరు అంతంతే. ఏ బ్యాచికి ఏ లెన్సు ఇచ్చాం, ఏ ప్రిజం అంచు విరిగింది, స్టాపు వాచీ ఎవరి దగ్గర ఉంది, అంతా ఆమే చూడాలి. తాను రాని రోజున లేబు ఆలస్యంగా మొదలవుతుందని ఆమెకి రెండు వారాల్లో అర్థమయింది. రావడం మొదలుపెట్టింది. ఒకరోజు మా అటెండరుని నిలదీసింది, "నిన్న తొమ్మిది లెన్సులు లోపల పెట్టానండి, ఇవాళ ఎనిమిదే ఉన్నాయి, ఏటండి ఇది?" అని. అతను నా వైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను. లెన్సు బీరువా కింద దొరికింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరు.

అదే లేబులో ఇంకో సంగతి. సోడియం దీపంతో న్యూటన్స్ రింగ్స్ ప్రయోగం. ఒక జత కుర్రాళ్లు గంట లోపే ముగించి ఫలితం తెచ్చారు. తరంగదైర్ఘ్యం సరిగ్గా 5893 ఆంగ్‌స్ట్రాములు. సోడియం పసుపు వెలుగుకి పుస్తకంలో ఇచ్చే సగటు విలువ అది. మా పాత మైక్రోస్కోపుతో అంత కచ్చితంగా రావడం కష్టం. "బాబూ, ఈ 5893 దీపం దగ్గర వచ్చిందా, పుస్తకం దగ్గర వచ్చిందా?" అని అడిగాను. ఇద్దరూ నేల చూపులు. కొట్టివేతలున్న చిత్తు కాగితంతో వచ్చి 6100 అన్నవాళ్లకి ఆ రోజు ఎక్కువ మార్కులు వేశాను. ఎందుకు ఎక్కువొచ్చిందో వాళ్లు చెప్పగలిగారు. తర్వాత ఆ జత కూడా చిత్తు కాగితం లేకుండా నా దగ్గరకి రాలేదు. మార్కుల భయంతోనే అనుకోండి, ఏ భయంతో అయితేనేం.

ఎన్‌ఎస్‌ఎస్‌ని, అంటే జాతీయ సేవా పథకాన్ని, మా స్టాఫులోనే కొందరు మొక్కలు నాటి ఫోటో దిగే పని అని తీసిపారేసేవారు. కొన్నిచోట్ల నిజంగా అంతే. 1969లో మొదలైన ఈ పథకంలో వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచెయ్యాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. ఆ శిబిరం వంట బాధ్యతని నేను ప్రతిసారీ పిల్లలకే అప్పగించేవాణ్ణి. బడ్జెటు చేతికిచ్చి, రోజూ రాత్రి లెక్క చెప్పమనేవాణ్ణి. వారం తిరిగేసరికి వాళ్లలో వచ్చే మార్పు నేను వంద క్లాసుల్లో తేలేకపోయాను.

2015లో మా రాష్ట్రంలో డిగ్రీకి సెమిస్టరు పద్ధతి, క్రెడిట్లతో సబ్జెక్టులు ఎంచుకొనే సీబీసీఎస్ వచ్చాయి. ఇంటర్నల్సు, అసైన్‌మెంట్లు, ఆరు నెలలకోసారి పరీక్ష. ఫీజు రీయింబర్సుమెంటుకి 75 శాతం హాజరు. ఏడాది చివర ఒక్క నెల కూర్చుని గట్టెక్కే దారి మూసుకుపోయింది, మంచిదే. కానీ 75 శాతం అనేసరికి పిల్లలు 75 దగ్గరే ఆగడం నేర్చుకున్నారు. ఇంకెన్ని రోజులు రాకపోయినా ఫరవాలేదో సెల్లులో లెక్క చూసుకొనే కుర్రాళ్లని చూశాను. లెక్క మాత్రం తప్పేది కాదు! వాట్సాప్ గ్రూపులో నోట్సు ఫోటోలు తిరగడం మొదలయ్యాక, రాసేవాడు ఒకడు, దాచుకొనేవాళ్లు యాభైమంది. దాచుకున్నది చదివినట్టే అనిపిస్తుంది, అదే చిక్కు. రాసిన ఆ ఒక్కడే ఎప్పుడూ పాసయ్యేవాడు.

సర్వీసు చివరి ఏళ్లలో మధ్యాహ్నం మూడు తర్వాత స్టాఫు రూములో కూర్చొనేవాణ్ణి. ఎవరికి ఏ సందేహం ఉన్నా రమ్మని మొదటి రోజే అన్ని క్లాసుల్లో చెప్పేవాణ్ణి. చాలా రోజులు పేపరు చదువుకుని ఇంటికి వెళ్లిపోయాను. వచ్చినవాళ్లు కొద్దిమందే, వాళ్లలో తర్వాత పీజీ సీటు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. అందుకే కొత్తగా కాలేజీల్లో చేరబోయే పిల్లలకి నేను చెప్పేది ఒకటే: మొదటి నెల తిరక్కుండానే మీ లెక్చరర్లలో ఇద్దరి దగ్గరికైనా ఒక సందేహం పట్టుకుని వెళ్లండి, మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పి రండి. ఇంగ్లీషులోనే అడగాలని లేదు. తల్లిదండ్రులూ, పిల్లవాడు ఇంటికొచ్చినప్పుడు హాజరు శాతం తర్వాత అడగండి. కాలేజీలో మీవాడి పేరు ఎంతమంది మేష్టర్లకి తెలుసో ముందు అడగండి.